కిటికీ కర్ర

జూన్ 9, సోమవారం

ఈ పుస్తకంలో ముందున్న పేజీలన్నిటినీ కలిపి గుండుసూది గుచ్చేశాను. అవి ఆయన ఉన్నప్పటి పేజీలు. ఇప్పుడు వాటిని తెరిచానంటే ఇక పని సాగదు. నాకు పనుంది.

విచారణ కార్యాలయం నుంచి ఇవాళ ఉత్తరం వచ్చింది. రెండు కాగితాలు. మొదటిదంతా తెలిసిందే. మే ఇరవై ఒకటో తేదీ. ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ళ చిన్న విమానం. నది గట్లకు ఫొటోలు తీసే పని మీద వెళ్ళి తిరిగి వస్తూ, రన్‌వేకి ఇంకా పది నిమిషాల దూరం ఉందనగా పొలాల్లో పడిపోయింది. పైలట్, ఫొటోగ్రాఫర్, ఇద్దరూ అక్కడికక్కడే. పెట్రోలు ట్యాంకులు రెండూ ఎండిపోయి ఉన్నాయి. మంట రాలేదు. మండడానికి అందులో ఏముంది గనక.

రెండో కాగితంలో ఒక వాక్యం ఉంది. "బయలుదేరే ముందు పైలట్ ఇంధనం సరిచూసుకోలేదని ప్రాథమికంగా భావిస్తున్నాము."

ఎవరూ? ఈయనా? వీధి మలుపు దాకా వెళ్ళి, తాళం వేశామో లేదో అని వెనక్కి వచ్చే మనిషి. పడుకోబోయే ముందు గ్యాసు కట్టేశావా అని మూడుసార్లు అడిగే మనిషి. పిల్లకు జ్వరమొస్తే థర్మామీటరు పెట్టి చూసి, అది సరిగ్గా ఉందో లేదోనని తన నోట్లో కూడా పెట్టుకుని చూసే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఈ చాదస్తం భరించలేక పెట్టె సర్దుకుని పుట్టింటికి పోదామనుకున్నాను. ఆయన పెట్రోలు చూసుకోకుండా ఎగిరారట!

అత్తయ్యకు చదివి వినిపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఇంకోసారి చదువు" అంది. చదివాను.

"వాడి మొహం! ఎవడు రాశాడో గానీ మావాణ్ణి ఒక్కరోజు కూడా చూసుండడు," అంది.

ఆ వాక్యం కొట్టేయించాలి. అంతే. నేను బట్టలు కుట్టే మనిషిని. కుట్టు తప్పుగా పడితే గుడ్డ చిరగకుండా ఎలా విప్పాలో నాకొకరు చెప్పక్కర్లేదు.

జూన్ 10, మంగళవారం

పొద్దున్నే కొట్టు తెరిచాను. కిటికీ చెక్క పైకెత్తి కర్ర ఆనించాను. గాలి వచ్చింది. స్కూలు యూనిఫారాలు ఇరవై రెండు కత్తిరించాలి. ఎనిమిదయ్యాయి.

జూన్ 12, గురువారం

క్లబ్బుకు వెళ్ళొచ్చాను. విచారణ వాళ్ళకు ఎలా చెప్పాలో ఇక్కడే రాసి చూసుకుంటాను. వాళ్ళ ముందు కోపం వచ్చి మాటలు తడబడితే మొదటికే మోసం.

ఆ విమానంలో పెట్రోలు చూపించే ముళ్ళు రెండున్నాయి. రెండూ దండగే. ఒకటి ఎప్పుడూ సగం దగ్గర నిలబడి ఉంటుంది, రెండోది ఊగుతూనే ఉంటుంది. వాటి మీద ఎవరికీ నమ్మకం లేదు. అందుకని ఎగరబోయే ముందు పైలట్ నిచ్చెన వేసుకుని రెక్క మీది మూత తీసి, ట్యాంకులోకి ఒక కొలత కర్ర దించుతాడు. కర్ర అడుగు ట్యాంకు అడుగుకు తగిలాక పైకి తీసి, తడి ఎక్కడిదాకా అంటిందో చూస్తాడు. కర్ర మీద గీతలు, పక్కన లీటర్ల అంకెలు ఉంటాయి. రెండు రెక్కల్లో రెండు ట్యాంకులు కాబట్టి రెండుసార్లు చూడాలి. ఆ రెండు అంకెల్నీ షెడ్డు గోడకున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి అప్పుడు ఎక్కాలి. సాయంత్రం మెకానిక్ తుడిచేస్తాడు. ఇరవై ఏళ్ళుగా అక్కడ ఇదే పద్ధతి.

అంటే ఆ రోజు బల్ల మీద ఏముందో మెకానిక్‌కు తెలియాలి.

మెకానిక్‌ను నేను అన్నయ్యా అంటాను. మా పిల్ల, పిడుగు, పుట్టినప్పుడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఈ అన్నయ్యే, క్లబ్బు జీపులో. ఇవాళ నన్ను చూసి కూడా తల ఎత్తలేదు. తుడిచిన పానానే మళ్ళీ తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ రోజు ఆయన బల్ల మీద ఏం రాశారు?"

"నేను చూళ్ళేదు చెల్లెమ్మా."

"తుడిచింది నువ్వేగా?"

"తుడిచాను. చూళ్ళేదు."

"చూడకుండా ఎలా తుడుస్తారు?"

"గుడ్డతో తుడుస్తారు," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వెళ్ళిన విమానం రాలేదు. మనిషి రాలేదు. నువ్వు మాత్రం తీరిగ్గా బల్ల తుడుచుకుంటూ కూర్చున్నావా?" అన్నాను. పానా కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. చూశాడు. చూసే ఉన్నాడు. చూడని మనిషి అయితే నన్ను తిరిగి తిట్టేవాడు.

ఇది వదిలేది లేదు.

జూన్ 13, శుక్రవారం

పిడుగును తీసుకెళ్ళమని స్కూలు నుంచి కబురు. వాళ్ళ క్లాసు కుర్రాడొకడు "మీ నాన్న పెట్రోలు కొట్టించుకోవడం మర్చిపోయాడట కదే" అన్నాడట. ఇది వెళ్ళి నీళ్ళ సీసా మూత తీసి వాడి నెత్తి మీద మొత్తం కుమ్మరించింది.

"ఎందుకు పోశావే?" అంటే, "వాడి ట్యాంకు నింపాను," అంది, టీచరు ముందే.

నాకు నవ్వొచ్చింది. టీచరుకు రాలేదు. దారిలో నవ్వుతూనే ఏడ్చాను. పదకొండేళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఇంటికొచ్చాక అడిగింది. "నాన్న చూసుకున్నాడు కదమ్మా?"

"చూసుకున్నాడు."

"నువ్వు చూశావా?"

"నాకు తెలుసు."

"తెలిస్తే చాలదమ్మా. మా లెక్కల టీచరు ఆన్సరు ఒక్కటే రాస్తే సున్నా వేస్తుంది. ఎలా వచ్చిందో రాయాలట," అంది.

జూన్ 16, సోమవారం

ఫొటోగ్రాఫర్ వాళ్ళమ్మ వచ్చింది.

ఎవరో నాకు మొదట తెలియలేదు. అరవై దాటిన మనిషి. గుండెల దగ్గర పిన్నుతో గుచ్చుకున్న గడియారం. నర్సులు పెట్టుకునేలాంటిది. చేతిలో మగవాళ్ళ కోటు. బల్ల మీద పెట్టి, "జిప్పు పాడైంది. కొత్తది వేస్తావా?" అంది. వేస్తాను, ఎవరి కోసం అని మామూలుగా అడిగాను. "మా అబ్బాయిది. ఆ రోజు వేడిగా ఉందని ఇంట్లో వదిలేసి వెళ్ళాడు," అంది.

మిషన్ తొక్కుతున్న కాళ్ళు ఆగిపోయాయి.

"నేను పోట్లాటకు రాలేదు," అంది. "అరిచే ఓపిక లేదు నాకు. మీ ఆయన పెట్రోలు చూసుకోలేదని రాశారు. నాకూ వచ్చింది ఉత్తరం. నిజమేనా అని అడుగుదామని వచ్చా."

"అబద్ధం," అన్నాను.

"మరి తప్పెవరిది?"

"ఇంకా తెలీదు. తెలుసుకుంటాను."

ఆవిడ నన్ను చూస్తూ కూర్చుంది. "ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రిలో పనిచేశానమ్మాయ్. మనిషి ఎలా పోయాడో తెలిసిన ఇంటివాళ్ళు ఎలాగోలా లేచి నిలబడతారు. తెలియనివాళ్ళే కూలబడిపోతారు. నాకు నష్టపరిహారాలూ కోర్టులూ వద్దు. ఎవరి వల్ల జరిగిందో వాళ్ళ మొహం ఒక్కసారి చూడాలి. దగ్గరగా చూడాలి. అంతే," అంది.

"చూపిస్తాను," అన్నాను. "నేనే తీసుకొచ్చి మీ గుమ్మం ముందు నిలబెడతాను."

"మాటేనా?"

"మాటే."

కోటు వదిలి వెళ్ళింది. అప్పుడు నా కళ్ళ ముందున్నది మెకానిక్ మొహమే. చొక్కా పట్టుకుని ఆవిడ గుమ్మం దాకా ఈడ్చుకెళ్ళాలనుకున్నాను. ఆ పనికి బలం ఉంది నాకు.

జూన్ 17, మంగళవారం

యూనిఫారాలు అయిపోయాయి. కోటు ముట్టుకోలేదు.

జూన్ 19, గురువారం

విచారణ అధికారి మా తమ్ముడి వయసువాడు. మర్యాదస్తుడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. నేను రాసుకున్నదంతా తడబడకుండా చెప్పాను. చెవి వెనక పెన్సిలు పెట్టుకుని విన్నాడు.

"కర్ర పెట్టి చూశారని మీరంటున్నారు. చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"మెకానిక్."

"ఆయన చూడలేదని సంతకం పెట్టి ఇచ్చారు."

తర్వాత విమానంలో దొరికిన వస్తువుల్ని చూపించాడు. అన్నిటినీ అంకెలు వేసిన సంచుల్లో పెట్టారు. ఆయన చేతి గడియారం. ఫొటోగ్రాఫర్ కెమెరా పట్టీ. నాలుగో నంబరు సంచిలో కర్ర. తెల్ల రంగు, నీలం గీతలు. ఒక్క గీత కూడా చెదరలేదు. సీటు వెనకాల ఉందట.

"ఇది గుర్తుపడతారా?"

"కొలత కర్ర."

"కొత్తగా ఉంది. ఎవరు చేశారు?"

"క్లబ్బుది," అన్నాను.

అది అబద్ధం కాదు. క్లబ్బుదే. క్లబ్బు కోసం చేసిందే.

పదకొండో నంబరు సంచిలో చిన్న చెక్కముక్క. ఎడమ ట్యాంకు అడుగున దొరికిందట. ఇంజనుకు పెట్రోలు వెళ్ళే గొట్టానికి అడ్డం పడిందేమో అని మొదట అనుమానపడ్డారట, కాదని తేలింది. "ఎక్కడిదో అర్థం కావడం లేదు. మీకేమైనా తోస్తుందా?" అన్నాడు.

ఒక చివర గుండ్రం. ఒక చివర పీచు.

తెలియదన్నాను.

బస్సులో పక్కనున్నావిడ నన్ను రెండుసార్లు పిలిచిందట, చివరి స్టాపు వచ్చిందమ్మా దిగమని.

జూన్ 20, శుక్రవారం

కిటికీ తెరవలేదు. ఉక్కగా ఉంది.

జూన్ 21, శనివారం

కిటికీ తెరవలేదు.

"ఈ ఉక్కలో ఎలా కుడుతున్నావే తల్లీ, ఉడికిపోతావు" అని అత్తయ్య గోల. దుమ్ము వస్తోందన్నాను. "ఇన్నేళ్ళూ రాని దుమ్ము ఇప్పుడొచ్చిందా" అంది. పిడుగు వెళ్ళి కిటికీ చెక్క ఎత్తబోయింది. కసిరాను. పిల్లను ఊరికే కసిరాను.

మెకానిక్‌ను వదిలేది లేదు. వాడి నోటితోనే చెప్పించాలి. ఆయన చూసుకున్నారని తేలితే చాలు. మిగతాది విచారణ వాళ్ళు చూసుకుంటారు. మిగతాది నా పని కాదు.

జూన్ 22, ఆదివారం

ఒక చివర గుండ్రం, ఒక చివర పీచు. లోకంలో చెక్కముక్కలన్నీ అలాగే ఉంటాయి.

జూన్ 23, సోమవారం

చెప్పించాను. అమ్మయ్య అనుకోవాలి కదా. రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

షెడ్డు తెరవకముందే వెళ్ళి తలుపు ముందు కూర్చున్నాను. మెకానిక్ అన్నయ్య వచ్చి నన్ను చూసి, తాళంచెవి జేబులో వేసుకుని, నా పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"అన్నయ్యా, నా కూతురు స్కూల్లో తలెత్తుకోలేకపోతోంది. ఆ ముసలావిడ కొడుకు కోటు నా కొట్టులో వేలాడుతోంది. నువ్వు చెప్పేదాకా నేనిక్కడే ఉంటా. పోలీసుల్ని పిలుచుకో, పో," అన్నాను.

తాళంచెవి బయటికి తీసి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. తర్వాత, "అరవై," అన్నాడు.

"ఏంటి?"

"ఎడమ అరవై, కుడి అరవై. నేను చేతులు కడుక్కుంటున్నా. ఆయన రాసి, వెనక్కి వచ్చి, మళ్ళీ నిచ్చెనెక్కి ఇంకోసారి చూసుకుని, సరిగ్గానే ఉందని సుద్దముక్క నా మీదికి విసిరి 'వస్తా' అన్నాడు. నా కళ్ళతో చూశా."

నాకు లేచి గంతులేయాలనిపించింది. రెండుసార్లు చూసుకున్నారు! అదీ మా ఆయనంటే. "మరి ఎందుకు దాచావు? ఏం పుట్టింది నీకు?" అని భుజం మీద కొట్టాను కూడా.

"అరవై ఉందంటే, ఉన్నది ఎలా అయిపోయిందని అడుగుతారు. అప్పుడు కర్ర దగ్గరికొస్తారు," అన్నాడు. "కొత్త కర్ర వస్తే నేను ట్యాంకు ఖాళీ చేసి, పదేసి లీటర్లు పోస్తూ ప్రతి గీతా సరిచూసి సంతకం పెట్టాలి చెల్లెమ్మా. చూడలేదు. కర్ర వచ్చిన ఆ పది రోజులూ నేర్చుకునే పిల్లల అరగంట చక్కర్లే కదా, తీరిగ్గా చూద్దాం అనుకున్నా. నీ చేతి పని, దానికి వంకేముంటుంది అనుకున్నా. ఆయన అందరికీ చూపించుకున్నాడు, మా ఆవిడ గీసింది, చూడండి గీతలు అని."

నా చేతులు కొంగులో దాచుకున్నాను.

"నా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నా. కాదనను. నీ పేరు వస్తుందని కూడా మూసుకున్నా. నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్," అన్నాడు.

ఎండెక్కేదాకా ఇద్దరం ఆ తలుపు ముందే కూర్చున్నాం.

జూన్ 24, మంగళవారం

గుండుసూది తీశాను. ఏ పేజీనో వెతకక్కర్లేదు.

మే 11, ఆదివారం. నా రాతే.

"ఆయన క్లబ్బు కర్ర ఇంటికి తెచ్చారు. గీతలు చెరిగిపోయాయి, కొత్తది చేసిపెట్టమన్నారు. వడ్రంగి లేడా అంటే, వడ్రంగికి నీ అంత సన్నగా గీత గీయడం వచ్చి చావదు అన్నారు. ఉబ్బిపోయాను. రెండు కర్రల అడుగులూ గోడకు ఆనించి పక్కపక్కన పడుకోబెట్టి, గీత పక్కన గీత, అంకె పక్కన అంకె దించాను. పాతది అడుగున నలిగి పీచు లేచి ఉంది. అసహ్యంగా ఉందని కొత్తదాన్ని అదే పొడవుకు కోసి, చివర గుండ్రంగా నున్నగా రుద్దాను. ఒక్క గీత వంకర పోలేదు. నీ చెయ్యి పడితే ఇక తిరుగు లేదు అన్నారు. పాతది కొట్టు కిటికీకి అతికినట్టు సరిపోయింది."

నలిగింది కాదు. విరిగింది. ఎప్పుడో, ఎవరి చేతిలోనో, ట్యాంకు మూతి దగ్గర ఇరుక్కుని చివరి ముక్క విరిగి లోపల పడిపోయింది. చూసుకోలేదు ఎవరూ. నేను ఆ విరిగిన చివరనుంచే కొలిచాను.

నా టేపు చివరి రేకు ఊడిపోయి రెండేళ్ళయింది. ఆ రోజునుంచి సున్నా దగ్గర మొదలుపెట్టను, ఒకటి దగ్గర పెట్టి కొలిచి ఒకటి తీసేస్తాను. పిడుగుకు కూడా అదే నేర్పాను. చివర పోయిన టేపు చెప్పే అంకెలన్నీ తప్పేనే, ముందు చివర చూసుకో, తర్వాత గుడ్డ చూసుకో అని. రోజుకు పదిసార్లు చేసే పని. గుడ్డకు చూసుకుంటాను. నా మొగుడు ఎక్కే విమానానికి చూసుకోలేదు. గీతలు అందంగా వస్తున్నాయని మురిసిపోతూ కూర్చున్నాను.

కర్ర అడుగున అంగుళం లేదు కాబట్టి గీతలన్నీ అంగుళం కిందికి దిగిపోయాయి. ఆ గీతల మీద అంగుళానికి పన్నెండు లీటర్లు. ట్యాంకులో నలభై ఎనిమిదే ఉంటే నా కర్ర అరవై అంది. ఆయన నమ్మారు. ఇంకోసారి ఎక్కి చూసుకున్నారు. ఎన్నిసార్లు చూసుకుంటే మాత్రం ఏం లాభం, నా కర్రేగా.

పైకెళ్ళాక ఊగే ఆ పెట్రోలు ముల్లు పడిపోతున్నా నా గీతనే నమ్మి ఉంటారు.

జూన్ 25, బుధవారం

అత్తయ్యకు చెప్పాను. టీ గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది. చెప్పడం అయ్యేసరికి చల్లారిపోయింది.

"ఇంకెవరికి తెలుసు?"

"మెకానిక్ అన్నయ్యకు."

"అతను చెప్పడు. నువ్వూ చెప్పకు. నా కొడుకు ఎలాగూ రాడు. నీకేమైనా అయితే ఆ పిల్లను నేనెక్కడ పెట్టుకు పెంచను? చూసుకోలేదనే అనుకోనీ. పోయినవాడికి నొప్పి తెలుస్తుందా?" అంది.

నొప్పి ఆయనకు కాదు అత్తయ్యా, అన్నాను. పిడుగు పెద్దయ్యాక కూడా మా నాన్న మర్చిపోయాడు అనే అనుకుంటుంది. మర్చిపోవడం ఆయనకు చేతకాదు. ఆ ఒక్కటీ చేతకాదు ఆయనకు.

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

నాకు భయంగా ఉంది. ఆ నర్సమ్మకు నేనిచ్చిన మాట మీద భయంగా ఉంది. తీసుకొచ్చి నిలబెడతానన్నాను కదా. ఏం నోరు నాది!

జూన్ 26, గురువారం

పొద్దున లేచేసరికి కిటికీ కర్ర తువ్వాల్లో చుట్టి గుమ్మం దగ్గర పెట్టి ఉంది. పక్కనే అత్తయ్య కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"వాణ్ణి నేనే అలా పెంచాను, ఏదైనా రెండుసార్లు చూసుకోరా అని," అంది. "వెళ్ళు. రేపు వెళ్ళు. ఇవాళ ఆ కోటు పని చూడు."

జిప్పు వేశాను. ఒకటి దగ్గర మొదలుపెట్టి కొలిచాను. రెండుసార్లు.

జూన్ 27, శుక్రవారం

విచారణ కార్యాలయం గేటు దగ్గర మెకానిక్ అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. గోళ్ళలో గ్రీజు కూడా లేదు. "నేను ముందు చెప్తా. బల్ల సంగతి నాది," అన్నాడు. చెప్పాడు. సంతకం చేశాడు.

తర్వాత నేను తువ్వాలు విప్పాను.

అధికారి పదకొండో నంబరు సంచి తెచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, ఆ ముక్కను కర్ర అడుగుకు ఆనించాడు. పీచులో పీచు కూర్చుంది. కుట్టు తప్పు ఎక్కడ పడిందో దొరికితే మామూలుగా నాకు ప్రాణం లేచొస్తుంది. ఇవాళ కూడా ఒక్క క్షణం లేచొచ్చింది. నిజం రాసుకుంటున్నాను.

అధికారి కాగితం మీద లెక్క వేశాడు. రెండు ట్యాంకుల్లో కలిపి ఆ అంగుళం నలభై నిమిషాల ప్రయాణం. "మీవారు ఎంత ఎక్కువ ఉంచుకునేవారు?" అన్నాడు. అరగంటకు సరిపడా, ఎప్పుడూ, అన్నాను. నలభైలో ముప్పై పోతే పది. రన్‌వేకి పది నిమిషాల దూరం. పెన్సిలు కింద పెట్టేశాడు.

గుండుసూది పేజీలు చింపి ఇచ్చాను. వద్దు, నకలు చాలన్నాడు. ఉంచుకోండి అన్నాను.

"సరిచూడాల్సిన బాధ్యత మెకానిక్‌ది, క్లబ్బుది. ఇంట్లో చేసిన కర్రను అలా వాడకూడదు. మీమీద కేసంటూ ఏమీ ఉండకపోవచ్చు," అన్నాడు.

"నేను దానికోసం రాలేదు. ఆ వాక్యం సంగతి చెప్పండి."

"మారుస్తాం."

"మారుస్తాం కాదు నాయనా. నా ముందే కొట్టెయ్యి," అన్నాను. తమ్ముడి వయసువాడే కదా, నోరు జారింది.

ఏమీ అనుకోలేదు. ఫైలు తీసి, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో ఆ వాక్యం మీద గీత గీశాడు. కింద రాసి చదివాడు. "బయలుదేరే ముందు పైలట్ పద్ధతి ప్రకారం రెండుసార్లు ఇంధనం కొలిచారు. కొలత కర్రలో ఒక అంగుళం లోపం ఉంది."

"ఎవరు చేశారో రాయండి."

"నివేదికలో పేర్లు రాయమండీ."

"పేరెందుకు? పైలట్ భార్య అని రాయండి. సరిపోతుంది."

రాశాడు.

సాయంత్రం పిడుగును కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, ఎలా వచ్చిందో ఏ మెట్టూ వదలకుండా. గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. తర్వాత తనే వచ్చి నా టేపు తీసుకెళ్ళి తన బడి పుస్తకాల సంచిలో పెట్టుకుంది. ఎందుకని నేనడగలేదు.

జూన్ 29, ఆదివారం

రేపు వెళ్తాను. అత్తయ్య తనూ వస్తానంది. వద్దన్నాను.

జూన్ 30, సోమవారం

వెళ్ళాను.

రెండో అంతస్తు. తలుపు మీద గంట పనిచేయడం లేదు, కొట్టాను. ఆవిడే తీసింది. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని మెట్ల మీదికి తొంగి చూసింది.

"తీసుకొస్తానన్నావు. ఒక్కదానివే వచ్చావేం?"

"తీసుకొచ్చానమ్మా," అన్నాను. "మొహం చూడాలన్నారు కదా. చూడండి."

గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాను. కర్ర, పీచు, గోడ, గీతలు. మెకానిక్ సరిచూడలేదన్న మాట కూడా చెప్పాను, కానీ చివర్లో చెప్పాను. ఆవిడ గుండెల మీది గడియారం టిక్కుటిక్కుమంటూనే ఉంది. చెప్పడం అయ్యాక కళ్ళజోడు పెట్టుకుని, ఒక మెట్టు దిగి నా ముందుకొచ్చి చూసింది. అన్నట్టే దగ్గరగా చూసింది. తల దించుకోకూడదని బస్సులోనే అనుకున్నాను. దించుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారినా తుడుచుకోలేదు. ఎంతసేపో తెలీదు.

"ఎంత తక్కువైంది?" అంది.

నా బొటనవేలు చూపించాను, చివరినుంచి కణుపు దాకా. ఆవిడ తన బొటనవేలు తెచ్చి నా వేలి పక్కన పెట్టి చూసుకుంది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"ఇంతేనా," అంది మళ్ళీ, నాతో కాదు.

కోటు ఇచ్చాను. జిప్పు కింది నుంచి పైదాకా లాగింది. ఎక్కడా పట్టుకోలేదు. మడిచి చంకలో పెట్టుకుంది.

"రోజూ లేవగానే మీ ఆయన్ని తిట్టుకుంటున్నా. మొహం కూడా కడుక్కోకముందు. నెల దాటింది," అంది.

"ఇకనుంచి?"

లోపలికి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"ఆయన్ని తిట్టను," అంది.

తలుపు వేసుకుంది. మెల్లగానే వేసింది.

ఇంటికొచ్చి కొట్టు తెరిచాను. కిటికీ చెక్క ఎత్తి చెక్క స్కేలు ఆనిస్తే ఆగింది. అత్తయ్య వచ్చి, ఏమందే అని అడిగింది. చెప్పాను. "మరి నిన్ను?" అంది. అది నేను అడగలేదన్నాను.

ఆయన్ని తిట్టను అంది. ఇంకోసారి రాసుకుంటున్నాను. ఆయన్ని తిట్టను అంది.